వైఫై బ్యాకప్‌కి సైనాలజీ డీఎస్223జె: బెజవాడ ఫ్లాట్‌లో ఎలా పెట్టుకోవాలి, ఎక్కడ చెడుతుంది

ఇంట్లో రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఉండి, వాటి బ్యాకప్ ఎవరూ గుర్తు చేయకుండా దానంతటదే జరిగిపోవాలనుకునే వాళ్ళకి సైనాలజీ డీఎస్223జె మంచి పెట్టె. హార్డ్‌డిస్కులు పెట్టి రౌటర్‌కి తగిలిస్తే, ఇంట్లోని కంప్యూటర్లన్నీ తమ ఫైళ్ళు దీంట్లో దాచుకుంటాయి. కొనేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. వైర్‌లెస్ అనేది ల్యాప్‌టాప్ వైపు మాత్రమే. పెట్టెకి మాత్రం రౌటర్ నుంచి ల్యాన్ కేబుల్ తప్పనిసరి. దీంట్లో వైఫై లేదు. యూఎస్‌బీ వైఫై డాంగిల్ తగిలిద్దామంటే, పెట్టెని నడిపే సాఫ్ట్‌వేర్ డీఎస్ఎంలో 7వ వెర్షన్ నుంచి సైనాలజీ వాటికి సపోర్ట్ తీసేసింది. ఇంకో సంగతి, ఇళ్ళల్లో బ్యాకప్ ఆగిపోయేది పెట్టె చెడి కాదు. ఎక్కువసార్లు రౌటర్ వల్ల, కరెంటు వల్ల, మన ఎండల వల్ల ఆగుతుంది. అందుకే ఇక్కడ పెట్టె గురించి కొంచెం, దాని చుట్టూ ఉన్నవాటి గురించి ఎక్కువ ఉంటుంది.

"రౌటర్ వెనక యూఎస్‌బీ పోర్ట్ ఉంది కదా, దానికే ఒక హార్డ్‌డిస్క్ తగిలిస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. సినిమాలు పెట్టుకోవడానికి సరిపోతుంది. బ్యాకప్‌కి వద్దు. పాత రౌటర్లలో చాలావరకు ఎస్ఎంబీ 1 అనే పాత, భద్రత లేని పద్ధతి మీదే ఫైళ్ళు షేర్ చేస్తాయి. విండోస్ 10లో 2017 చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ 1 మామూలుగా ఇన్‌స్టాల్ అయి రాదు. దాన్ని పనిగట్టుకుని మళ్ళీ ఆన్ చేయడమంటే ఇంటి తలుపు గడియ తీసి పడుకోవడమే. పైగా విండోస్ 11 24హెచ్2 ప్రో వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరుచుకోవు, ఎస్ఎంబీ సైనింగ్ (వచ్చే ప్రతి సందేశం మీద సంతకం లాంటి గుర్తు) కూడా ఉండాలంటుంది. నిన్నటిదాకా నడిచిన రౌటర్ షేర్ అప్‌డేట్ తర్వాత హఠాత్తుగా కనపడకుండా పోయేది ఇందుకే. ఇక ఆ చిన్న పోర్టబుల్ డిస్కుల్లో ఎక్కువ భాగం ఎస్ఎంఆర్ రకం, అంటే డేటా గీతల్ని ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి రాసేవి. వేల కొద్దీ చిన్న ఫైళ్ళు రాస్తూ పోతే నత్తనడక నడుస్తాయి.

డీఎస్223జె 2023లో వచ్చిన మోడల్. రెండు డ్రైవులు పడతాయి. నాలుగు కోర్ల రియల్‌టెక్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, ఒక గిగాబిట్ ల్యాన్ పోర్ట్, వెనక రెండు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. ర్యామ్ పెంచుకునే వీలు లేదు. బ్యాకప్‌కి ఇది చాలు. పదేళ్ళ ఫొటోలన్నీ ఒకేసారి పోసి, దాని ఫొటోల యాప్ మొహాలు గుర్తుపట్టాలంటే మాత్రం రోజుల తరబడి ఆయాసపడుతుంది. డాకర్ లాంటివి, అంటే పెట్టెలోనే వేరే సాఫ్ట్‌వేర్లు, నడపాలనుకుంటే ఇది తీసుకోవద్దు, 2 జీబీ ర్యామ్ ఉన్న డీఎస్223 చూడండి.

పెట్టె ఖాళీగా వస్తుంది, డ్రైవులు విడిగా కొనాలి. రెండు డ్రైవుల ఖర్చు దాదాపుగా పెట్టె ధరని దాటుతుంది కాబట్టి బేరం చేసేటప్పుడు మొత్తం కలిపి అడగండి. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ డబ్ల్యూడీ రెడ్ ప్లస్ గానీ తీసుకోండి, రెండూ సీఎంఆర్ రకమే (గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన రాసేవి), రెండింటికీ మూడేళ్ళ వారంటీ. "రెడ్" అని మాత్రమే రాసి, "ప్లస్" లేని డబ్ల్యూడీ డ్రైవు 2 నుంచి 6 టీబీ సైజుల్లో ఎస్ఎంఆర్. 2020లో దీని మీద పెద్ద గొడవే అయింది. ఒక డ్రైవు పోయి కొత్తది పెట్టినప్పుడు, మొత్తం తిరిగి రాసే వేళ ఎస్ఎంఆర్ డ్రైవు మొరాయిస్తుంది. గవర్నర్‌పేటలో, బందరు రోడ్డు వైపు షాపుల్లో అడిగితే "ఏదైనా ఒకటేనండీ, నడుస్తుంది" అనేవాళ్ళు ఉంటారు. మోడల్ నంబర్ చూసే డబ్బులివ్వండి.

బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, షాపులో ఉండగానే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీ తెరిచి ఆ నంబర్ కొట్టండి. మన దేశంలో వారంటీ చూపించాలి. ఇంటికొచ్చి బిగించాక పెట్టె సాఫ్ట్‌వేర్‌లోని స్టోరేజ్ మేనేజర్‌లో ఒక్కో డ్రైవు వివరాల్లోకి వెళ్తే అది ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. కొత్త డ్రైవుకి సున్నా, ఒకటి, రెండు అలా ఉండాలి. వేలల్లో ఉంటే అది వాడేసిన డ్రైవు. ఆ రోజే వెనక్కి తీసుకెళ్ళండి.

బిగించడం కష్టం కాదు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. పెట్టె రెండు సగాలుగా జరిగి విడిపోతుంది. డ్రైవుని సాటా కనెక్టర్ దాకా నెట్టి, వాళ్ళిచ్చిన స్క్రూలతో బిగించి, మళ్ళీ మూసి వెనక స్క్రూలు వేయాలి. స్క్రూలు గట్టిగా అదిమి తిప్పొద్దు, అలాగని వదులుగానూ వదలొద్దు. వదులైతే డ్రైవు తిరిగేటప్పుడు పెట్టె అంతా గుర్రుమంటుంది. ల్యాన్ కేబుల్ పెట్టెలోనే వస్తుంది. కరెంటు ఇచ్చి, అదే రౌటర్ మీదున్న కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి సైనాలజీ వెబ్ అసిస్టెంట్‌కి వెళ్తే పెట్టె కనపడుతుంది. అక్కడి నుంచి డీఎస్ఎం ఎక్కించడం అది చెప్పినట్టు చేస్తూ పోవడమే. ఈ దశలో డ్రైవుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి పాత డేటా ఉన్న డ్రైవు పెట్టకండి.

వాల్యూమ్, అంటే డేటా ఉండే చోటు, చేసేటప్పుడు ఎస్‌హెచ్ఆర్ (ఒక డ్రైవు పోయినా డేటా నిలిచేలా డ్రైవుల్ని జతచేసే సైనాలజీ పద్ధతి), ఫైల్ సిస్టమ్‌గా (ఫైళ్ళని డ్రైవులో అమర్చే పద్ధతి) బీటీఆర్ఎఫ్ఎస్ ఎంచుకోండి. ఈఎక్స్‌టీ4 ఎంచుకుంటే తర్వాత స్నాప్‌షాట్లు, అంటే ఫోల్డర్ ఆ క్షణంలో ఎలా ఉందో వెనక్కి వెళ్ళడానికి దాచే నమూనాలు, తీసుకోలేరు. మార్చాలంటే అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు 4 టీబీ డ్రైవులు పెడితే వాడుకోవడానికి వచ్చేది సుమారు 3.6 టీబీ. రెండో డ్రైవు మొదటిదానికి అచ్చు నకలు. ఒక్కో ల్యాప్‌టాప్‌లో నిండిన డేటాకి రెండింతల చోటు లెక్క వేసుకుంటే, 512 జీబీ ల్యాప్‌టాప్‌లు మూడు ఉన్న ఇంటికి ఇది హాయిగా సరిపోతుంది.

ఇక అసలు చిక్కంతా నెట్‌వర్క్‌లో ఉంది.

మన ఇళ్ళల్లో తరచుగా కనపడేది ఇది. ఫైబర్ ఇంటర్నెట్ వాళ్ళు ఇచ్చిన ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే మోడెమ్) ఒకటి గుమ్మం దగ్గర ఉంటుంది, దానిలోనూ వైఫై ఉంటుంది. సిగ్నల్ చాలక ఇంటివాళ్ళు ఇంకో రౌటర్ కొని లోపలి గదిలో పెడతారు. బ్యాకప్ పెట్టె ఓఎన్‌టీకి తగిలించి ఉంటుంది, ల్యాప్‌టాప్ రెండో రౌటర్ వైఫైలో ఉంటుంది. ఇంటర్నెట్ రెండింట్లోనూ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ రెండో రౌటర్ తన నెట్‌వర్క్‌ని వేరుగా నడుపుతుంది. దాంతో పెట్టె పేరు కనపడదు, యాపిల్ మ్యాక్‌లో బ్యాకప్ తీసే టైమ్ మెషీన్‌కి అసలే దొరకదు. తెలుసుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్, పెట్టె ఐపీ అడ్రస్ పక్కపక్కన రాసి చూడండి. మొదటి మూడు అంకెల గుంపులూ, అంటే 192.168.1 లాంటిది, రెండింట్లో ఒకటే ఉండాలి. ఒకటి 192.168.1లో, ఇంకోటి 192.168.0లో ఉంటే జబ్బు దొరికినట్టే. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, అప్పుడది వేరే నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రమే ఇస్తుంది. ఓఎన్‌టీలోని వైఫై ఆపేస్తే ఇంకా మేలు.

గెస్ట్ వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టె కనపడదు. గెస్ట్ నెట్‌వర్క్ పనే అది, ఇంట్లోని మిగతా వాటిని దాచడం. కొన్ని రౌటర్లలో మామూలు వైఫైకి కూడా ఏపీ ఐసొలేషన్ (వైఫైలో ఉన్నవాటిని ఒకదానికొకటి కనపడకుండా చేసేది) అనే టిక్ పడి ఉంటుంది, తీసేయండి. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇంటి నెట్‌వర్క్ తెగిపోయే ల్యాప్‌టాప్‌లు కూడా చాలా ఉన్నాయి. అసలు ఆఫీసు ల్యాప్‌టాప్ డేటాని ఇంటి పెట్టెలోకి తీసుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

పెట్టెకి అడ్రస్ మారకుండా చూడాలి. పెట్టెలో స్టాటిక్ ఐపీ రాయడం కన్నా రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ చేయడం, అంటే ఈ పెట్టెకి ఎప్పుడూ ఇదే అడ్రస్ అని రౌటర్‌కి చెప్పడం, మేలు. పెట్టె మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తింపు నంబర్) ఎంచుకుని 192.168.1.50 లాంటిది కేటాయించండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రస్ మారి బ్యాకప్ ఆగిపోవడం దీంతో తగ్గుతుంది.

వేగం లెక్క ఒకసారి వేసుకుందాం. అపార్ట్‌మెంట్‌లో ఇరవై వైఫైలు కనపడే చోట 2.4 గిగాహెర్ట్జ్ మీద సెకనుకి 6 ఎంబీ వస్తే గొప్ప. ఆ లెక్కన 500 జీబీ పోవడానికి 23 గంటలు. 5 గిగాహెర్ట్జ్ మీద, రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే 40 ఎంబీ వరకు వస్తుంది, అంటే మూడున్నర గంటలు. మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ ఒకటి వస్తే తగ్గుతుంది, తొమ్మిది అంగుళాల గోడ వస్తే ఇంకా పడిపోతుంది. గిగాబిట్ కేబుల్ మీద 110 ఎంబీ, గంటంపావులో అయిపోతుంది. ఇదంతా పెద్ద ఫైళ్ళ లెక్క. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే కేబుల్ మీద కూడా సగానికి పైగా పడిపోతుంది.

అందుకని మొదటి బ్యాకప్ తప్పకుండా కేబుల్ మీద చేయండి. ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, తర్వాత రీస్టోర్‌కీ అదే అక్కరకొస్తుంది. ఆ తర్వాత రోజువారీ మారే ఒకటి రెండు జీబీలకి వైఫై నిక్షేపంగా సరిపోతుంది. కేబుల్ వేసినా సెకనుకి 11 ఎంబీ దగ్గరే ఆగిపోతే రౌటర్ ల్యాన్ పోర్టులు సెకనుకి 100 మెగాబిట్లవి (8 బిట్లు ఒక బైట్) అని అర్థం. తక్కువ ధర రౌటర్లలో ఇది మామూలే. కొన్ని ఓఎన్‌టీల్లో ఒక్క పోర్ట్ మాత్రమే గిగాబిట్ ఉంటుంది. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి పెట్టి, పెట్టెనీ ల్యాప్‌టాప్‌నీ దానికే తగిలిస్తే సరి. కేబుల్‌లో ఒక్క జత తీగ తెగినా ఇదే 11 కనపడుతుంది, కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ని దానికే కలపండి.

విండోస్‌కి రెండు దారులున్నాయి. ఒకటి విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ. కంట్రోల్ ప్యానెల్‌లో దొరుకుతుంది, \\192.168.1.50\ తర్వాత ఫోల్డర్ పేరు ఇస్తే గంటకోసారి మారిన ఫైళ్ళు పంపుతుంది. అయితే అది డెస్క్‌టాప్, లైబ్రరీలు లాంటి కొన్ని చోట్లనే చూస్తుంది. డీ డ్రైవ్‌లో పిల్లల ప్రాజెక్టులు, పెళ్ళి ఫొటోలు పెట్టుకున్న వాళ్ళ ఫోల్డర్లు దాని కంట పడవు, వాటిని లైబ్రరీలో కలపాల్సి వస్తుంది. రెండోది సైనాలజీ డ్రైవ్ క్లయింట్. నా ఓటు దీనికే. పెట్టెలో ప్యాకేజ్ సెంటర్ నుంచి సైనాలజీ డ్రైవ్ సర్వర్ వేసుకుని, ల్యాప్‌టాప్‌లో క్లయింట్ వేసి, బ్యాకప్ టాస్క్ చేయండి. సింక్ టాస్క్ కాదు, బ్యాకప్ టాస్క్. సింక్‌లో ఒక చోట చెరిపింది రెండో చోటా చెరిగిపోతుంది. ఒక్కో ఫైలుకి 32 పాత వెర్షన్ల వరకు దాచుకోవచ్చు.

షెడ్యూల్ రాత్రి రెండింటికి పెట్టొద్దు. ఆ వేళకి ల్యాప్‌టాప్ మూత మూసి ఉంటుంది, మూత మూస్తే వైఫై కూడా నిద్రపోతుంది. ఎప్పటికప్పుడు పంపే పద్ధతి పెట్టండి, లేదా సాయంత్రం అందరూ ఇంట్లో ఉండే వేళ పెట్టండి. క్లయింట్‌లో పెట్టె అడ్రస్ దగ్గర క్విక్‌కనెక్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి కూడా పెట్టెని చేరే సైనాలజీ సేవ) పేరు ఇస్తే, గుంటూరు బస్సులో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసినా బ్యాకప్ నడిచి రోజు డేటా అంతా ఊడ్చేస్తుంది. ఐపీ అడ్రస్ ఇస్తే ఇంటి వైఫైలో ఉన్నప్పుడే నడుస్తుంది.

విండోస్‌లో పెట్టె షేర్ ఫోల్డర్ తెరవబోతే పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా తప్పంటోందా? మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లో ఇది జరుగుతుంది. యూజర్ పేరు దగ్గర పెట్టె పేరు, ఒక వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత యూజర్ పేరు కొట్టండి. అప్పటికీ కాకపోతే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉన్న పాత ఎంట్రీ చెరిపి మళ్ళీ ప్రయత్నించండి.

టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడే వాళ్ళకి ఒక మాట. టాలీ తెరిచి ఉండగా దాని డేటా ఫోల్డర్‌ని నేరుగా కాపీ చేస్తే సగం పాతవి, సగం కొత్తవి కలిసి వస్తాయి, అది తిరిగి తెరుచుకుంటుందన్న భరోసా లేదు. రోజూ కొట్టు కట్టేసే ముందు టాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫోల్డర్‌ని పెట్టెకి పంపండి.

మ్యాక్ ఉంటే పెట్టె కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ సర్వీసెస్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ ఎస్ఎంబీ మీద టైమ్ మెషీన్ బ్రాడ్‌కాస్ట్ ఆన్ చేసి ఫోల్డర్ చూపించాలి. ఆ ఫోల్డర్‌కి కోటా, అంటే ఇంతే చోటు అనే హద్దు, తప్పక పెట్టండి, మ్యాక్ డిస్కుకి రెండింతలు. పెట్టకపోతే టైమ్ మెషీన్ ఉన్న చోటంతా ఆక్రమిస్తుంది, మిగతా ల్యాప్‌టాప్‌ల బ్యాకప్ ఆగిపోతుంది. "నమ్మకం కోసం కొత్తగా బ్యాకప్ మొదలుపెట్టాలి" అనే అర్థంలో మ్యాక్ ఒక సందేశం చూపిస్తే, రాస్తుండగా మధ్యలో వైఫై తెగి లోపలి ఫైల్ పాడయిందని. ఆ ఫోల్డర్‌కి స్నాప్‌షాట్లు పెట్టి ఉంటే నిన్నటిదానికి వెనక్కి వెళ్ళొచ్చు, లేకపోతే మొదటి నుంచే.

స్నాప్‌షాట్ల విలువ అసలు తెలిసేది ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు. ల్యాప్‌టాప్‌లో పెట్టె ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి పాస్‌వర్డ్ దాచి ఉంచితే, ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన వైరస్ ఆ డ్రైవ్‌లోని బ్యాకప్‌కీ తాళం వేసేస్తుంది. అందుకని డ్రైవ్ మ్యాప్ చేయొద్దు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్, వాళ్ళ ఫోల్డర్ వరకే అనుమతి ఇవ్వండి. అడ్మిన్ అనే పేరుతో ఉన్న అకౌంట్‌ని ఆపేసి వేరే పేరుతో చేసుకోండి. రౌటర్‌లో, పెట్టెని బయటి ఇంటర్నెట్‌కి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్ళొద్దు. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ దెబ్బ తిన్నవి ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్, అసూస్టర్ కంపెనీల ఇలాంటి పెట్టెలే. కంపెనీ ఏదైనా, బయటికి తెరిస్తే ప్రమాదం ఒకటే.

కరెంటు సంగతికొస్తే, డ్రైవులు పనిచేసేటప్పుడు ఇది 16 వాట్ల దగ్గర తీసుకుంటుంది, నిద్రలో 4 వాట్లు. నెలంతా ఆపకుండా నడిచినా పదకొండు పన్నెండు యూనిట్లు దాటదు. ఖర్చు కన్నా కరెంటు పోవడమే అసలు సమస్య. రాస్తుండగా టప్పున ఆగితే ఫైల్ సిస్టమ్ దెబ్బ తినొచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, పెట్టె, రౌటర్, ఓఎన్‌టీ మూడూ ఇన్వర్టర్ లైన్‌లోనే ఉండాలి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. ఎకోలో బ్యాటరీకి మారేలోపు పెట్టె రీస్టార్ట్ అయిపోతుంది. విడిగా యూపీఎస్ కొంటే యూఎస్‌బీ డేటా పోర్ట్ ఉన్నది కొనండి, తక్కువ ధరవాటిలో చాలావాటికి ఉండదు. ఆ పోర్ట్ ఉంటే బ్యాటరీ అయిపోవచ్చేసరికి పెట్టె తనంతట తాను సర్దుకుని ఆగుతుంది.

ఎండ గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఈ పెట్టెకి కంపెనీ చెప్పిన హద్దు గది ఉష్ణోగ్రత 40 డిగ్రీలు. రోహిణి కార్తెలో పై అంతస్తు గది మధ్యాహ్నానికి ఆ గీత దాటుతుంది. అటక మీద, టీవీ యూనిట్ తలుపుల వెనక, పడమటి గోడకి ఆనించి పెట్టొద్దు. వెనక ఫ్యాన్‌కి జానెడు ఖాళీ వదలండి. స్టోరేజ్ మేనేజర్‌లో డ్రైవు ఉష్ణోగ్రత 50 దాటుతుంటే చోటు మార్చాల్సిందే. ఎండాకాలమంతా ఫ్యాన్ మోడ్ కూల్‌లో ఉంచండి, కొంచెం చప్పుడైనా పర్లేదు.

రెండు డ్రైవుల్లో ఒకే డేటా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చి రోజుల తరబడి నిలిచినప్పుడు, కింది అంతస్తులో ఉన్న డ్రైవు ఒకటైనా రెండైనా ఒకటే అయింది. అందుకే పెట్టెని నేల మీద, మంచం కింద పెట్టొద్దు. దాంతోపాటు ఒక యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ కొని వెనక పోర్ట్‌కి తగిలించి, పెట్టెలో నడిచే హైపర్ బ్యాకప్ అనే సాఫ్ట్‌వేర్‌తో నెలకోసారి కాపీ తీసి, వేరే ఊళ్ళో చుట్టాలింట్లో ఉంచండి. గుంటూరు, తెనాలి ఎంత దూరం కనుక. పండక్కి వెళ్ళినప్పుడు ఆ డిస్క్ తెచ్చుకుని ఇంకోటి అక్కడ పెట్టి రావచ్చు.

ఆ డిస్క్ బయట ఉండేది కాబట్టి హైపర్ బ్యాకప్‌లో ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేయడం) పెట్టాలి. ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోతే సైనాలజీ వాళ్ళు కూడా తెరవలేరు. అది కంప్యూటర్లో మాత్రమే రాసుకుంటే, కంప్యూటర్ పోయిన రోజు అది కూడా పోతుంది. కాగితం మీద రాసి బీరువాలో ఒకటి, ఆ చుట్టాలింట్లో డిస్క్‌తో కాకుండా వేరేచోట ఒకటి ఉంచండి. పెట్టె లేకపోయినా మామూలు కంప్యూటర్లో ఆ డిస్క్ తెరవడానికి హైపర్ బ్యాకప్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మొదటి కాపీ పూర్తయిన రోజే దాన్ని ఒక ల్యాప్‌టాప్‌లో వేసి, డిస్క్ తగిలించి, కాగితం మీద రాసిన పాస్‌వర్డ్ చూసి కొట్టి, ఒక ఫొటో, ఒక పీడీఎఫ్, టాలీ ఉంటే ఒక టాలీ బ్యాకప్ బయటికి తీసి తెరిచి చూడండి. ఆ మూడూ తెరుచుకున్నాకే డిస్క్ సంచిలో పెట్టి ఊరికి పంపండి.